పని దొరికే ఘట్టం: వలస నిర్మాణ కార్మికుని కథనంలో వృత్తినామం

గల్ఫ్ వలసను వస్తువుగా స్వీకరించిన తెలుగు రచనలను గురించి జరిగిన చర్చలో రెండు ఘట్టాలకు స్థిరమైన చోటు ఉంది. మొదటిది బయలుదేరడం: అప్పు, ఏజెంటు, పాస్‌పోర్టు, విమానాశ్రయంలో వీడ్కోలు. రెండవది తిరిగి రావడం: ఖాళీ చేతులతోనో, జబ్బుతోనో, శవపేటికలోనో. ఈ రెంటి నడుమ మనిషి నిజంగా పని చేసిన కాలం "కష్టాలు" అనే ఒక్క మాటగా కుదించుకుపోతుంది. అందులోనూ పని దొరికిన సందర్భం దాదాపు కనిపించదు. ఊళ్లో గోడ కట్టిన మనిషికి ఎడారి నగరంలో ఏ పని దొరికింది, ఎవరి ద్వారా దొరికింది, కాగితం మీద అతని వృత్తికి ఏ పేరు పడింది అన్నవి సాహిత్య ప్రశ్నలుగా లెక్కకు రాలేదు. అవి ఆర్థికశాస్త్రానికో కార్మికశాఖకో చెందినవన్న భావం బలంగా ఉంది. నిర్మాణ కార్మికుని కథనంలో పని దొరికే ఘట్టమే పాత్రకు పేరు పెట్టే ఘట్టమనీ, ఆ ఘట్టాన్ని కథకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నదే కథన స్వరూపాన్ని నిర్ణయిస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

గోస అనే చదువు

తెలంగాణ వలస సాహిత్య చర్చలో "గోస" అనే మాట ఒక పారిభాషిక పదానికి దగ్గరగా వచ్చింది. "గల్ఫ్ గోస" అన్న జంటపదం పత్రికల శీర్షికల నుంచి పాటలకూ, పాటల నుంచి విమర్శకూ చేరింది. ఆ మాటకున్న బలాన్ని కాదనలేము. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల ఇళ్లలో ఆడవాళ్ల గొంతులోంచి వచ్చిన మాట అది. పెద్దింటి అశోక్ కుమార్ "ఎడారి మంటలు" నవల గల్ఫ్ వలసను ప్రధాన వస్తువుగా తీసుకొన్నప్పుడు, ఆ నవలను అందుకోవడానికి పాఠకలోకంలో సిద్ధంగా ఉన్న మాట కూడా ఇదే.

అయితే గోస అనే చదువుకు ఒక పరిమితి ఉంది. గోసపడేవాడికి వృత్తి అక్కరలేదు. అతడు సుతారి అయినా, సెంట్రింగ్ పనివాడైనా, గొర్రెల కాపరి అయినా బాధ ఒక్కటే. బాధను కేంద్రంలో పెట్టిన విమర్శ ఆ మనిషి చేతుల్లోని నైపుణ్యాన్ని నేపథ్యంలోకి నెట్టివేస్తుంది. పాఠకుని సానుభూతి పెరిగినకొద్దీ కార్మికుడు "కూలీ"గా, "లేబర్"గా సమానీకృతమవుతాడు. కంపెనీ జాబితాలో కూడా అతడు అలాగే నమోదై ఉంటాడు. విమర్శ, కంపెనీ ఒకే మాట వాడుతున్నాయన్న సంగతిని ఎవరూ ఆక్షేపించినట్టు లేదు.

తెలంగాణ పల్లెల్లో తాపీపనివాణ్ణి "సుతారి" అంటారు. సూత్రధారి శబ్దాన్ని గుర్తుకు తెచ్చే ఈ మాటలో దారం పట్టి వరుస చూసేవాడన్న స్ఫురణ ఉంది. కోస్తాలో అతడు తాపీమేస్త్రి. పోర్చుగీసు నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన "మేస్త్రి" అనే మాటకు రెండు అర్థాలున్నాయి: పని తెలిసినవాడు, పనివాళ్లను కూర్చేవాడు. నైపుణ్యమూ అధికారమూ ఒకే మాటలో కలిసి ఉండడం యాదృచ్ఛికం కాదు. ఊరి పనిలో చాలాసార్లు ఆ రెండూ ఒకే మనిషిలో ఉండేవి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం పరంపరలో బూదరాజు రాధాకృష్ణ వాస్తుపదాలను సంకలించారు. రసమట్టం, మూలమట్టం, తాపీ వంటి మాటల వెనుక ఎంత జ్ఞానం ఉందో ఆ కృషి గుర్తించింది. వలస సాహిత్య విమర్శ ఆ కోశాన్ని పక్కన పెట్టుకొని చదివిన దాఖలాలు అరుదు.

అడ్వాన్సు దిశ మారడం

గల్ఫ్‌కు ముందు తెలుగు నేలకు తెలిసిన పెద్ద నిర్మాణ వలస పాలమూరు లేబర్. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గుంపు మేస్త్రి వెంట వెళ్లిన కుటుంబాలు దేశంలోని అనేక ఆనకట్టలకూ కాలువలకూ రోడ్లకూ మట్టి మోశాయి. ఆ వ్యవస్థలో పని దొరికే ఘట్టం అడ్వాన్సుతో మొదలవుతుంది. మేస్త్రి ముందుగా డబ్బు ఇస్తాడు, ఆ డబ్బు మనిషిని కట్టేస్తుంది. గల్ఫ్ వలసలో డబ్బు నడిచే దిశ తిరగబడింది. ఇక్కడ పనివాడే ఏజెంటుకు డబ్బు కడతాడు. విదేశీ ఉద్యోగానికి పంపే రిజిస్టర్డ్ ఏజెంటు వసూలు చేయదగిన సేవా రుసుముకు భారత ప్రభుత్వ నిబంధనలు 30,000 రూపాయల పరిమితి విధించాయి. ఊళ్లలో వీసాకు చెప్పే ధరకు ఆ పరిమితితో పొత్తు కుదరదన్నది అందరికీ తెలిసినదే. పాలమూరు కూలీ తీసుకొన్న డబ్బుకు బందీ అయితే, గల్ఫ్ సుతారి తాను ఇచ్చిన డబ్బుకు, దానికోసం తెచ్చిన అప్పుకు బందీ.

ఈ తిరగబాటుకు కథన పరిణామం కూడా ఉంది. పాలమూరు వలస ప్రధానంగా జంటల వలస. భర్త తవ్వితే భార్య తట్ట మోస్తుంది, పసిబిడ్డ అక్కడే చెట్టుకు కట్టిన జోలెలో ఉంటుంది. కాబట్టి ఆ బతుకును గురించిన కథనానికి పనిచోటు అందుబాటులో ఉంటుంది. స్త్రీ గొంతు కూడా పనిచోటు నుంచే మాట్లాడగలదు. గల్ఫ్ నిర్మాణరంగ వలస పురుషుని ఒంటరి వలస. తట్ట మోసిన స్త్రీ ఊళ్లోనే మిగిలిపోయింది. కథ చెప్పగలిగిన గొంతు ఇంటి దగ్గర ఉంది, పని సముద్రం అవతల ఉంది. ఈ దూరాన్ని కేవలం విరహంగా చదివితే సగమే చదివినట్టు.

జాబ్ అనే పాత్ర

పనిచోటు నుంచే చెప్పిన వలస కథనం ఎట్లా ఉంటుందో చూడడానికి పియెట్రో డి డొనాటో నవల "క్రైస్ట్ ఇన్ కాంక్రీట్" ఉపకరిస్తుంది. 1937లో ఎస్క్వయిర్ పత్రికలో కథగా వచ్చి, 1939లో నవలగా విస్తరించిన రచన ఇది. ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతం నుంచి వచ్చిన తాపీపనివారి కుటుంబంలో న్యూజెర్సీలో పుట్టిన రచయిత, 1923లో గుడ్ ఫ్రైడే నాడు తండ్రి నిర్మాణ ప్రమాదంలో మరణించడంతో పన్నెండేళ్ల వయసులో తానే తాపీ పట్టాడు. ఆ జీవితమే నవలకు ముడిసరుకు.

నవలలో జెరెమియో అనే ఫోర్‌మన్ తెలుగు అర్థంలో సంపూర్ణమైన మేస్త్రి: పని తెలిసినవాడు, తనవాళ్లను పనికి కూర్చినవాడు. యజమాని మర్డిన్ ఖర్చు తగ్గించుకోవడానికి భద్రతను పక్కన పెడుతున్నాడని అతనికి తెలుసు. చెప్పి చూస్తాడు. గట్టిగా చెబితే తనకే కాదు, తన వెంట వచ్చినవాళ్లకూ పని పోతుంది. గుడ్ ఫ్రైడే నాడు భవనం కూలి, జెరెమియో కాంక్రీటులో నిలువునా చిక్కుకొని మరణిస్తాడు. క్రీస్తు శిలువతో పోలిక ఇక్కడ చాలా బిగ్గరగా వినిపిస్తుంది. నవలలో బలహీనమైన చోటు అదే అనుకోవచ్చు. అంతకుముందు పుటల్లో మేస్త్రి చేసుకొన్న లెక్క, అంటే తన నోరు విప్పడానికీ తనవాళ్ల కూలికీ మధ్య చేసుకొన్న లెక్క, ఆ పోలిక కంటే బరువైనది.

డి డొనాటో చేసిన అసాధారణమైన పని "జాబ్" అనే మాటను పాత్రగా నిలబెట్టడం. ఇంగ్లీషు వ్యాకరణం కోరే ఉపపదం లేకుండా, పెద్ద అక్షరంతో, సంజ్ఞానామవాచకంలా ఆ మాట నవలంతా తిరుగుతుంది. దానికి ఆకలి ఉంటుంది, ఊపిరి ఉంటుంది. ఇటాలియన్ పనివారి నోట ఆ పరాయి మాట ఒక దేవత పేరులా, ఒక మృగం పేరులా మారింది. "పని దొరికింది" అన్న వాక్యంలో దొరికినది ఎవరన్న సందేహాన్ని ఈ ప్రయోగం లేవనెత్తుతుంది. తెలుగులో పని మనిషికి దొరుకుతుంది. నవలలో మాత్రం మనిషే పనికి దొరుకుతాడు.

తండ్రి తరువాత పాల్ పని వెదుక్కొనే ఘట్టాలు ఈ చర్చకు కీలకం. మేనమామ లుయీజీ పనిలో కాలు పోగొట్టుకొంటాడు, ఎనిమిదిమంది పిల్లల ఇల్లు పాల్ మీద పడుతుంది. పోలీసు స్టేషను నుంచీ చర్చి నుంచీ అతనికి దక్కేది ఏమీ లేదు. విందు భోజనం చేస్తున్న మతగురువు ఒక కేకు ముక్క ఇచ్చి పంపడం నవలలో చేదైన దృశ్యం. చివరకు పని సంస్థల ద్వారా దొరకదు, తండ్రి తాపీ ద్వారా దొరుకుతుంది. పిల్లవాడి చేయి ఇటుక మీద సున్నం ఎట్లా పరుస్తుందో తోటి పనివారు చూస్తారు. గాడ్‌ఫాదర్ వరసైన నజోన్ వెన్నుదన్నుగా ఉంటాడు. ఇక్కడ పాల్‌కు గుర్తింపు కాగితం నుంచి రాలేదు, చేతి నుంచి వచ్చింది. పనివారి లోకం అతన్ని "ఫలానా వాడి కొడుకు, ఇటుక పెట్టగలడు" అని గుర్తించింది. నజోన్ కూడా తరువాత పనిలోనే పడి మరణిస్తాడు కాబట్టి ఈ గుర్తింపును వేడుకగా చూడడానికి నవల అవకాశమివ్వదు. అయినా ఆ గుర్తింపు ఉందన్నది వాస్తవం. పాల్ బాధపడే బాలుడు మాత్రమే కాదు, పనివాడు. నవల అతని చేతుల కదలికలను బాధతో సమానమైన శ్రద్ధతో వర్ణించింది.

పరిహార విచారణ దృశ్యం దీనికి ఎదురుగా నిలుస్తుంది. అక్కడ భార్య అనుంజియాటా ముందు భర్త మరణం అధికార భాషలోకి మారిపోతుంది, తప్పు చనిపోయినవాడి మీదికే జరుగుతుంది. పనిచోట మేస్త్రి అయినవాడు దస్త్రంలో నిర్లక్ష్యపరుడైన విదేశీయుడవుతాడు. చేతి లోకమూ కాగితపు లోకమూ నవలలో ఇంత స్పష్టంగా విడిపోయిన చోటు మరొకటి లేదు.

మెహ్నా గడి

గల్ఫ్‌లో కాగితం ముందు వస్తుంది, చేయి తరువాత వస్తుంది. పదో తరగతి పూర్తి చేయని భారతీయ కార్మికుని పాస్‌పోర్టు 1983 వలస చట్టం కింద ప్రత్యేక అనుమతి కోరే తరగతిలోకి వస్తుంది. గల్ఫ్ సహకార మండలికి చెందిన 6 దేశాలూ ఆ అనుమతి అవసరమైన దేశాలే. కాగితాల దారిలో మేస్త్రి చేయి మాట్లాడే ఒకే ఒక్క చోటు ట్రేడ్ టెస్టు. హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఒక ఆవరణలో నాలుగు వరుసల గోడ కట్టి చూపాలి, పరీక్షకుడు తూకం గుండు వేసి చూస్తాడు. ఆ గోడను తరువాత పడగొట్టేస్తారు. కథావస్తువుగా దీనికి మించిన దృశ్యం దొరకడం కష్టం. తన జీవితంలో ఎవరూ నివసించని ఏకైక గోడను సుతారి అక్కడ కడతాడు.

పరీక్ష దాటాక వృత్తి అనువాదమవుతుంది. ఊళ్లో సెంట్రింగ్ పనివాడు వీసా మీద షటరింగ్ కార్పెంటర్. రాడ్డు వంచేవాడు స్టీల్ ఫిక్సర్. అడుగులూ అంగుళాలూ మిల్లీమీటర్లవుతాయి. కాల్చిన ఇటుక మీద చేయి తిరిగినవాడు సిమెంటు దిమ్మెల గోడకు అలవాటుపడాలి. ఇవన్నీ నేర్చుకోగలిగిన మార్పులే. అసలు చిక్కు సౌదీ నివాసపత్రమైన ఇఖామాలో, మనవాళ్లు అఖామా అనే కాగితంలో, ఉండే "మెహ్నా" అనే గడిది. మెహ్నా అంటే వృత్తి. ఆ గడిలో ఏముంటే అదే చట్టం దృష్టిలో అతని వృత్తి. దానికి భిన్నమైన పని చేస్తే అది ఉల్లంఘన. గడిలో "లేబర్" అని పడిన సుతారి గోడ కట్టినా అతనికి లేబర్ జీతమే. తాపీ చేతిలో ఉంటుంది, మేస్త్రి అనే మాట మాత్రం అతని నుంచి విడిపోతుంది. ఆ మాటలోని రెండవ అర్థం, మనుషులను కూర్చే అధికారం, మాన్‌పవర్ సప్లయర్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఈ స్థితిలో వలస కార్మికులు తయారుచేసుకొన్న మాటలు గమనించదగినవి. యజమాని పేరు కాగితంమీద మాత్రమే ఉండి, పని బయట ఎక్కడో వెదుక్కొనే వీసాకు "ఆజాద్ వీసా" అని పేరు. చట్టంలో అట్లాంటి వీసా లేదు. స్వేచ్ఛ అనే అర్థమున్న మాట పట్టుబడే ప్రమాదానికి పేరైంది. పారిపోయి కాగితం లేకుండా పని చేసేవాడు "ఖల్లివెల్లి". వదిలెయ్ అన్న అరబ్బీ వాడుక తెలుగువాని నోట మనిషికి విశేషణమైంది: వాడు ఖల్లివెల్లి అయిండు. క్రియ నామమై, నామం చట్టస్థితిగా మారిన ఈ పరిణామాన్ని అర్థవిపరిణామానికి ఉదాహరణగా ఏ భాషాశాస్త్ర తరగతిలోనైనా చెప్పవచ్చు. ఖల్లివెల్లి అయినవాడికి మెహ్నా గడి ఉండదు కాబట్టి అతడు మళ్లీ చేతిని బట్టి పని వెదుక్కొంటాడు. పగటికూలికి నిలబడే హైదరాబాద్ అడ్డా అతనికి అక్కడ మరోరూపంలో ఎదురవుతుంది. మళ్లీ సుతారిగా గుర్తింపు దొరికే అవకాశం చట్టం బయటే ఉందన్నది ఈ మాటల వెనుక ఉన్న వైరుధ్యం. గోస అనే చదువు ఈ వైరుధ్యాన్ని చూడలేదు. దానికి ఖల్లివెల్లి అయిన మనిషి పతనం చివరి మెట్టు మాత్రమే.

కాగితపు లోకాన్ని ఇతర భాషల రచయితలు వేరువేరు రీతుల్లో ఎదుర్కొన్నారు. పాలస్తీనా రచయిత ఘస్సాన్ కనఫానీ 1963 నాటి నవలిక "రిజాల్ ఫిష్షమ్స్"లో కువైట్‌లో పని కోసం బస్రా నుంచి బయలుదేరిన ముగ్గురు ఖాళీ నీళ్ల ట్యాంకులో దాగి, సరిహద్దు అధికారి సరదా కబుర్లతో సంతకం ఆలస్యం చేయడం వల్ల ఊపిరాడక మరణిస్తారు. వాళ్లకు ఏ పని వచ్చునన్న ప్రశ్న దాటడం అనే ప్రశ్న ముందు నిలవలేకపోయింది. వాళ్లు ట్యాంకు గోడను ఎందుకు తట్టలేదన్నదే డ్రైవరు చివరి వేదన. 1972లో తౌఫీక్ సాలెహ్ తీసిన చలనచిత్రంలో వాళ్లు తడతారు, ఎవరికీ వినపడదు. అబూధాబీలో పెరిగిన దీపక్ ఉన్నికృష్ణన్ "టెంపొరరీ పీపుల్" 2017లో వచ్చింది. అందులో కార్మికులను విత్తనాల నుంచి పండిస్తారు. కట్టడాల మీదినుంచి పడినవారిని ఒక స్త్రీ రాత్రివేళ తిరుగుతూ అతికిస్తుంది. వృత్తుల పేర్లను వరుసగా పేర్చిన ఒక చిన్న అధ్యాయం కూడా ఉంది. క్రియ లేని ఆ జాబితా మెహ్నా గడికి సాహిత్య ప్రతిరూపం లాంటిది. వాస్తవికత అందుకోలేని చోట ఉన్నికృష్ణన్ అద్భుతాన్ని ఆశ్రయించాడు. మెరుపున్న రచన, కానీ అందులోనూ చేతి నైపుణ్యం కంటే శరీరం విరగడమే ఎక్కువ కనిపిస్తుంది.

గడప మీది కథకుడు

తెలుగులో పనిచోటు ఎందుకు అస్పష్టంగా ఉండిపోయిందన్న ప్రశ్నకు "రచయితలకు అనుభవం లేదు" అనే సమాధానం తేలికగా దొరుకుతుంది. అది చాలదు. గల్ఫ్ కథనానికి సహజ కథకుడు గడప మీద నిలబడినవాడు. అతనికి, తరచుగా ఆమెకు, పనిచోటు ఫోనులోంచి తెలుస్తుంది. ఫోనులో మాట్లాడేవాడు పని గురించి చెప్పడు. "మంచిగనే ఉన్నది" అంటాడు. అడిగినది డబ్బు గురించీ ఆరోగ్యం గురించీ కాబట్టి వాటికే జవాబిస్తాడు. తన మెహ్నా గడిలో ఏముందో భార్యకు చెప్పే సుతారులు ఎందరు? ఈ మౌనాన్ని రచయిత ఊహించి నింపినప్పుడు ఎండ, ఇరుకు గది, ఆకలి వస్తాయి. దిమ్మెల గోడ రాదు. మౌనాన్ని మౌనంగానే నిలిపి, ఫోనుకు అటువైపు ఉన్నవాడు ఏం దాస్తున్నాడో పాఠకునికి తెలిసేలా చేసే శిల్పం మరొక మార్గం. రెండింటిలో ఏది ఎంచుకొన్నదో చూడకుండా ఒక గల్ఫ్ కథను అంచనా వేయడం కుదరదు.

భాష విషయం కూడా దీనితో ముడిపడి ఉంది. డి డొనాటో పాత్రల ఇంగ్లీషులో ఇటాలియన్ వాక్యం కదులుతుంది. అపరిచితంగా అనిపించే ఆ ఇంగ్లీషు ద్వారానే వాళ్ల లోపలి గౌరవం పాఠకునికి అందుతుంది. గల్ఫ్ తెలుగు కార్మికుడు పనిచోట హిందీ, అరబ్బీ, తెలుగు కలిపి మాట్లాడతాడు. ఈ మిశ్రమాన్ని మాండలిక రచన హాస్యానికీ సహజత్వానికీ వాడుకొంటుంది. ఆజాద్, ఖల్లివెల్లి, అఖామా వంటి మాటలు వట్టి స్థానిక రంగులు కావు. వాటిని పాదసూచికల్లో అర్థం చెప్పి వదిలేయడం సరిపోదు. అధికారాన్ని కార్మికుడు తన భాషలోకి అనువదించుకొన్న తీరును ఆ మాటలు నమోదు చేస్తాయి. మాండలిక వృత్తిపదకోశాన్ని ఈ తరం పరిశోధకులు పొడిగించదలిస్తే వాస్తుపదాల పక్కన చేరవలసిన మాటలివి.

డి డొనాటో నవలను ఎడ్వర్డ్ డ్మిట్రిక్ 1949లో "గివ్ అజ్ దిస్ డే" పేరుతో తెరకెక్కించాడు. చలనచిత్రం సొంత ఇంటి ఆశను కథకు ఇరుసుగా మార్చింది. పెళ్లికి ముందే పెళ్లికూతురు ఇల్లు కోరుతుంది, జెరెమియో జీవితమంతా ఆ మాట చుట్టూ తిరుగుతుంది. గల్ఫ్ ఊళ్లలో రిబ్బన్ కట్టిన గేట్లూ పూర్తికాని పై అంతస్తులూ చూసినవారికి ఈ మార్పు పరాయిగా అనిపించదు. పరాయి దేశంలో గోడలు కట్టే సుతారి సొంత ఊళ్లోని తన ఇంటి గోడను తాను కట్టుకోలేడు. దాన్ని ఇంకెవరో కడతారు. హైదరాబాద్ అపార్టుమెంట్ల దగ్గరి రేకుల గుడిసెల్లో ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చినవాళ్లు ఉన్నట్టే, ఆ ఇంటి పరంజా మీద కూడా మరో ఊరి నుంచి వచ్చినవాడు ఉండవచ్చు. అతనికి ఈ పని ఎవరి ద్వారా దొరికింది, తన ఊళ్లో అతన్ని ఏ పేరుతో పిలుస్తారు అన్న ప్రశ్నలు తెలుగు కథకు ఇప్పుడు సముద్రం దాటనవసరం లేకుండా ఇంటి ముందే ఉన్నాయి.